కచేరీకి ముందు మిక్సర్ దగ్గర

మిక్సర్ మీద నిలువుగా దిగే మీటల వరుస ఒక్కొక్కటీ ఒక ఛానెల్. మైకులో పడిన ధ్వని ఆ వరుస పైభాగంలో ప్రవేశించి, ఒక్కో మీటనూ దాటుకుంటూ అడుగున ఉన్న ఫేడర్ దాకా వచ్చి, అక్కడి నుంచి సౌండ్ బాక్సులకు వెళ్తుంది. డిజిటల్ మిక్సర్లలో మీటలు చాలావరకు తెర మీదికి చేరినా దారి మాత్రం ఇదే. పైన చెడింది కింద బాగుపడదు. అందుకే ఛానెల్‌ను సిద్ధం చేయడం కూడా పై నుంచి కిందికే సాగాలి.

కర్ణాటక సంగీత కచేరీకి నాలుగైదు ఛానెళ్లు చాలు. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, ఎలక్ట్రానిక్ తంబూరాకు ఒకటి. మృదంగాన్ని ఒక్క మైకుతో సరిపెట్టేవారూ ఉన్నారు గానీ, రెండు వైపులా చెరొకటి ఉంటేనే ఎడమచేతి గుమ్కీని, కుడిచేతి చాపును విడివిడిగా అదుపు చేయవచ్చు. ఏ ఛానెల్ దేనిదో మిక్సర్ అంచున కాగితపు టేపు అంటించి రాసుకుంటే కచేరీ మధ్యలో వెతుకులాట తప్పుతుంది.

మొదటి పని సరైన సాకెట్ ఎంచుకోవడం. మైకు నుంచి వచ్చే సంకేతం మామూలుగా కొద్ది మిల్లీవోల్టులే. వృత్తి పరికరాల లైన్ సంకేతం 1.23 వోల్టుల చుట్టూ ఉంటుంది, అంటే వందల రెట్లు ఎక్కువ. అందుకే మైకులను ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్‌కు, తంబూరా పెట్టెను లైన్ సాకెట్‌కు కలుపుతారు. ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్‌లో ఒకటో పిన్ను గ్రౌండ్. రెండు, మూడు పిన్నుల్లో ఒకే సంకేతం ఒకటి నేరుగా, మరొకటి తలకిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో కరెంటు తీగల నుంచి చొరబడే గోల రెండింటిలోనూ ఒకేలా పడుతుంది. మిక్సర్ ఆ రెండింటి తేడానే తీసుకుంటుంది కాబట్టి గోల చాలావరకు రద్దయిపోతుంది. సెల్‌ఫోన్‌కు, చాలా తంబూరా పెట్టెలకు వాడే మామూలు వైరుకు ఈ ఏర్పాటు లేదు. వేదిక మీద నుంచి మిక్సర్ దాకా దూరం ఎక్కువైతే ఆ సంకేతాన్ని ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్‌కు తగినట్టు మార్చే డీఐ బాక్స్‌ను మధ్యలో పెట్టాలి.

కండెన్సర్ మైకులకు కేబుల్ ద్వారానే 48 వోల్టుల విద్యుత్తు అందాలి. దీన్నే ఫాంటమ్ పవర్ అంటారు. 1966 నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకు దాని అవసరం లేదు. ఛానెల్ మ్యూట్‌లో ఉండగానే ఈ స్విచ్ వేయాలి. లేకపోతే సౌండ్ బాక్సులు ఢబ్బుమంటాయి.

అసలు పని గెయిన్ దగ్గర. మైకు నుంచి వచ్చిన బలహీనమైన సంకేతాన్ని మిక్సర్ లోపల పనికొచ్చే స్థాయికి పెంచేది ఈ మీటే. ఫేడర్‌ను కిందికి దించి, ఫేడర్‌తో సంబంధం లేకుండా ఆ ఛానెల్ స్థాయిని మీటర్‌లో చూపే పీఎఫ్ఎల్ బటన్ నొక్కి, గాయకుడిని పాడమనాలి. ‘హలో, హలో, మైక్ టెస్టింగ్’ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. మెల్లగా మాట్లాడిన గొంతుకు సరిపెట్టిన గెయిన్, తారస్థాయి షడ్జం దగ్గర పీక్ లైటును వెలిగిస్తుంది. మృదంగమూ అంతే. కీర్తనకు సహకారంగా వాయించే బలం వేరు, తని ఆవర్తనం ముగింపులో మోహరా, కోర్వై వాయించే బలం వేరు. ఆ ముగింపునే వాయించి చూపమని అడగడం మేలు. అనలాగ్ మిక్సర్‌లో మీటర్ సున్నా చుట్టూ, డిజిటల్‌లో మైనస్ 18 చుట్టూ ఆడుతూ, ఎంత గట్టిగా పాడినా పీక్ లైటు వెలగకుండా ఉంటే గెయిన్ కుదిరినట్టు. ఎక్కువైతే ధ్వని చీలిపోతుంది, తర్వాత ఫేడర్ ఎంత దించినా వినబడేది చీలిన ధ్వనే, కాకపోతే మెల్లగా. తక్కువైతే కింద పెంచినప్పుడల్లా సన్నని హిస్ శబ్దం కూడా పెరుగుతుంది.

గెయిన్ తిప్పే ముందు మైకును జరిపి చూడాలి. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే మైకుకు చేరే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ మేరకు గెయిన్ తగ్గించవచ్చు, మైకు కూతపెట్టే ప్రమాదమూ తగ్గుతుంది. మరీ దగ్గరైతే మాత్రం చాలా మైకుల్లో గొంతు కింది స్వరాలు ఉబ్బినట్టు వినిపిస్తాయి.

తర్వాత హైపాస్ ఫిల్టర్. వేదిక చెక్కల అదురును, మైకు స్టాండ్‌కు కాలు తగిలిన చప్పుడును, గాలి హోరును ఇది వడగడుతుంది. కొన్ని మిక్సర్లలో ఇది 80 హెర్ట్జ్ దగ్గర, కొన్నింటిలో 100 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఈ చిన్న తేడా కచేరీలో తెలుస్తుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మంద్ర పంచమం సుమారు 98 హెర్ట్జ్. 80 దగ్గర కోస్తే ఆ స్వరం పెద్దగా చెడదు, 100 దగ్గర కోస్తే కొంత పలచబడుతుంది. మృదంగం ఎడమ వైపు మైకుకు ఈ ఫిల్టర్ వేయకపోవడమే మంచిది. ఆ వాయిద్యానికి అందమే ఆ అడుగు నాదం.

ధ్వనిలోని కింది, మధ్య, పై స్వరాలను వేర్వేరుగా సర్దే ఈక్యూ మీటలు మొదట అన్నీ మధ్యలోనే ఉండాలి. వినడానికి ఇబ్బంది పెట్టే చోట కొద్దిగా తగ్గించడమే గానీ, బాగుంటుందని పెంచుకుంటూ పోతే కూత మొదలవుతుంది.

వేదిక మీది మానిటర్లకు ధ్వని పంపేవి ఆక్స్ మీటలు. వీటిని ఫేడర్‌కు ముందు నుంచే తీసుకునేలా పెడితే, సభలో స్థాయి మార్చినా కళాకారులు వినేది మారదు. గెయిన్ మారిస్తే మాత్రం అది కూడా మారిపోతుంది. శ్రుతి వినబడక గాయకుడు మిక్సర్ వైపు చూసే సందర్భాల్లో కొన్నింటికి కారణం, అప్పుడే ఎవరో గెయిన్ ముట్టుకోవడం.

ఇక ఫేడర్లను సున్నా గీత దగ్గరికి తేవచ్చు. అక్కడ కాస్త కదిలిస్తే కొద్ది డెసిబెల్స్ మారతాయి. అదే అడుగున అయితే అంతే కదలికకు స్థాయి ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. వాడని ఛానెళ్లన్నీ మ్యూట్‌లో ఉండాలి. ఖాళీ హాల్లో సరిచూసిన స్థాయి జనం నిండాక కొంత తక్కువగా అనిపిస్తుంది, మనుషులు, దుస్తులు ధ్వనిని పీల్చుకుంటారు. ఆ సర్దుబాటుకు మాస్టర్ ఫేడర్ కాస్త పెంచితే సరిపోతుంది.