హిమాలయ నదులలో ట్రౌట్ - గాలపు క్రీడతో ముడిపడిన జల సంరక్షణ

(ప్రత్యేక వ్యాసం)

వేసవి సెలవులలో కులు, మనాలి, కాశ్మీర్ ప్రాంతాలకు వెళ్లే తెలుగు యాత్రికులకు అక్కడి నదీతీరాలలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. మోకాలి లోతు నీటిలో నిలబడిన వ్యక్తి ఒక సన్నని గాలపు కర్రను ముందుకు, వెనుకకు ఊపుతూ పొడవాటి దారాన్ని గాలిలో ఆడిస్తుంటాడు. ఆ దారం చివర వానపాము గాని, పిండిముద్ద గాని ఉండదు. ఈకలతో కట్టిన చిన్న కృత్రిమ కీటకం మాత్రమే ఉంటుంది. దీనినే ఫ్లై ఫిషింగ్ అంటారు. ఈ విధానంలో ప్రధానంగా పట్టే చేప ట్రౌట్.

చూడటానికి ఇది కాలక్షేపంగా కనిపించినప్పటికీ, దీని వెనుక శతాబ్దానికి పైబడిన చరిత్ర, కచ్చితమైన నిబంధనలు, నదుల పరిరక్షణకు సంబంధించిన కీలక నిర్ణయాలు ఉన్నాయి. క్రీడ కోసం తెచ్చి వదిలిన ఒక విదేశీ చేప కాలక్రమంలో కొండనదుల ఆరోగ్యానికి కొలమానంగా మారింది. ఒక నదిని యథాతథంగా ప్రవహించనివ్వాలన్న వాదనకు బలం చేకూర్చింది.

చల్లని నీరే ప్రాణం

ట్రౌట్ సాల్మన్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. మన దేశంలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. ఒంటిపై నలుపు, ఎరుపు చుక్కలుండే బ్రౌన్ ట్రౌట్ ఐరోపాకు చెందినది. పక్కల వెంబడి గులాబీ రంగు చార ఉండే రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ మహాసముద్రంలో కలిసే ఉత్తర అమెరికా నదులకు చెందినది.

ట్రౌట్‌కు చల్లదనంతో పాటు నీటిలో కరిగిన ప్రాణవాయువు సమృద్ధిగా ఉండాలి. ఈ రెండింటికీ ప్రత్యక్ష సంబంధం ఉంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. అదే నీరు 25 డిగ్రీలకు చేరితే ఆ పరిమాణం సుమారు 8 మిల్లీగ్రాములకు పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, లభ్యత తగ్గుతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ ఒత్తిడికి లోనై మేత తగ్గిస్తుంది. 25 డిగ్రీల ప్రాంతంలో దాని మనుగడే కష్టమవుతుంది.

సంతానోత్పత్తి విషయంలోనూ ఈ చేప నదీగర్భంపై పూర్తిగా ఆధారపడుతుంది. శీతాకాలంలో తల్లిచేప తోకతో గులకరాళ్లను తొలిచి గుంట చేసి గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. పది డిగ్రీల నీటిలో రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పొదగడానికి దాదాపు నెల రోజులు, బ్రౌన్ ట్రౌట్ గుడ్లకు ఆరు వారాలు పడుతుంది. అన్ని రోజులూ రాళ్ల సందుల గుండా స్వచ్ఛమైన నీరు పారుతూనే ఉండాలి. రోడ్డు పనుల మట్టి, సొరంగాల వ్యర్థాలు నదిలో పడి ఆ సందులు పూడుకుపోతే గుడ్లు ఊపిరాడక నశిస్తాయి. నీరు పైకి తేటగా కనిపించినా అడుగున ఒక తరం చేపలు లేకుండాపోయే ప్రమాదం ఉంది.

సముద్రాలు దాటి వచ్చిన చేప

ట్రౌట్‌ను మన దేశానికి తెచ్చినవారు బ్రిటిష్ పాలనాకాలపు క్రీడాసక్తులు. 1899లో కాశ్మీర్‌కు బయలుదేరిన తొలి విడత గుడ్లు మార్గమధ్యంలోనే పాడైపోయాయి. 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చిన రెండో విడత క్షేమంగా చేరింది. శ్రీనగర్‌లో తివాచీల కర్మాగారం నడిపిన ఫ్రాంక్ మిచెల్ ఈ కృషిలో ముఖ్యపాత్ర వహించారు. శ్రీనగర్ సమీపంలోని హార్వన్‌లో హేచరీ ఏర్పడింది. అక్కడి నుంచి లిడ్డర్, సింధ్, బ్రింగి మొదలైన నదులలోకి ట్రౌట్ విస్తరించింది. హిమాచల్ ప్రదేశ్‌లో 1909లో కులు లోయలోని కట్‌రాయి సమీపాన గల మహిలి వద్ద హోవెల్ అనే అధికారి బ్రౌన్ ట్రౌట్ హేచరీని నెలకొల్పారు. బియాస్ నదికి, దాని ఉపనదులకు చేపపిల్లలు అక్కడి నుంచే అందాయి.

దక్షిణ భారతంలో ఈ ప్రయత్నం ఇంకా ముందే మొదలైంది. ప్రఖ్యాత మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరులకు ట్రౌట్‌ను తీసుకురావడానికి పూనుకొన్నారు. ఆ ప్రయత్నాలు నిలదొక్కుకోలేదు. నాలుగు దశాబ్దాల తరువాత హెచ్.సి. విల్సన్ ఆధ్వర్యంలో అవలాంచిలో హేచరీ ఏర్పడి, రెయిన్‌బో ట్రౌట్ అక్కడ స్థిరపడింది. నాడు కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఈ ప్రయోగం విజయవంతమైంది.

ఎరకు బరువు లేదు, దారానికే బరువు

సాధారణ గాలంలో ఎర లేదా సీసపు గుండు బరువు దారాన్ని దూరానికి లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర కొన్ని ఈకలు, నూలు, వెంట్రుకలతో కట్టినది గనుక దానికి బరువు ఉండదు. అందువల్ల దారాన్నే మందంగా, బరువుగా తయారుచేస్తారు. ఎనిమిది, తొమ్మిది అడుగుల కర్రను వెనుకకు ఊపి, దారం వెనుక పూర్తిగా చాచుకునే వరకు ఒక్క క్షణం ఆగి, తిరిగి ముందుకు ఊపుతారు. వంగిన కర్ర నిటారు కావడంలో వెలువడే శక్తి దారాన్ని ముందుకు నడుపుతుంది. దారం చివర కట్టిన సన్నని పారదర్శక తీగ కొసన ఉన్న ఎర నీటిపై మెత్తగా వాలుతుంది.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, బండరాళ్ల చాటున శక్తిని ఆదా చేసుకుంటూ నిలుస్తుంది. నీటి వెంట కొట్టుకొచ్చే కీటకాలను అందుకుంటుంది. కనుకనే అనుభవజ్ఞుడు దిగువ నుంచి ఎగువకు, చేప వెనుక వైపు నుంచి, నీడ పడకుండా నడుస్తాడు. ఎర నిజమైన కీటకంలాగే ప్రవాహ వేగంతో కదలాలి. దారం లాగడం వల్ల ఏమాత్రం అసహజంగా జరిగినా చేప దానిని ముట్టదు.

ఎర ఎంపికకు నదిని చదవడం అవసరం. మేఫ్లై, కాడిస్‌ఫ్లై, స్టోన్‌ఫ్లై వంటి కీటకాల లార్వాలు నీటి అడుగున రాళ్ల కింద పెరిగి, రెక్కలు వచ్చాక పైకి వస్తాయి. నీటిపై తేలే ఎరలు రెక్కల కీటకాలను, మునిగే ఎరలు లార్వాలను పోలి ఉంటాయి. గాలం వేసే ముందు రాయి ఎత్తి కింద ఏ పురుగులున్నాయో చూడటం వీరికి అలవాటు. కాలుష్యాన్ని తట్టుకోలేని ఇవే కీటకాలను నీటి నాణ్యతకు సూచికలుగా శాస్త్రవేత్తలు కూడా లెక్కిస్తారు. నదిలో మురుగు కలిసినప్పుడు ముందుగా కనుమరుగయ్యేవి ఈ పురుగులే. ఆ మార్పును గాలం వేసేవారు ముందుగా గమనించే అవకాశం ఎక్కువ.

లైసెన్సు, విరామ కాలం, పరిమితులు

ట్రౌట్ నదులలో అనుమతి లేకుండా గాలం వేయడం నేరం. హిమాచల్‌లో 1976 నాటి మత్స్య చట్టం, దాని కింద రూపొందిన నిబంధనలు అమలులో ఉన్నాయి. మత్స్యశాఖ జారీచేసే లైసెన్సు పొందినవారే నిర్ణీత ప్రదేశాలలో, ఒక్క కర్రతో చేపలు పట్టాలి. కాశ్మీర్‌లో నదిని బీట్లుగా విభజించి అనుమతులు ఇస్తారు. సాధారణంగా అక్కడ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు అనుమతి ఉంటుంది. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ట్రౌట్ వేటపై నిషేధం. శీతాకాలంలో గుడ్లు పెట్టే చేపలకు భంగం కలగకూడదన్నదే దీని ఉద్దేశం. రోజుకు పట్టదగిన చేపల సంఖ్యకు, పట్టదగిన చేప కనీస పొడవుకు కూడా పరిమితులున్నాయి. పర్యాటకులు బయలుదేరే ముందు ఆయా మత్స్యశాఖల నుంచి తాజా నిబంధనలు తెలుసుకోవడం శ్రేయస్కరం.

పట్టిన చేపను తిరిగి వదిలివేసే సంప్రదాయం కూడా బలపడుతోంది. ముల్లు లేని కొక్కెం వాడటం, చేతులు తడిపాకే చేపను తాకడం, నీటి నుంచి ఎక్కువసేపు పైకి తీయకపోవడం ఇందులో పాటించవలసిన జాగ్రత్తలు. పొడి చేతులు తగిలితే చేప ఒంటిపై రక్షణగా ఉండే జిగురు పొర చెదిరి అంటువ్యాధులు సోకుతాయి.

బ్లీచింగ్ పొడి చల్లడం, పేలుడు పదార్థాలు, విద్యుత్ షాక్ ప్రయోగించడం ఈ నదులకు పెద్ద బెడద. గాలానికి ఒక్కొక్క చేపే చిక్కుతుంది. విషప్రయోగానికి చేపలు, పిల్లలు, వాటి మేతగా ఉండే కీటకాలు ఒకేసారి బలి అవుతాయి.

తీర్థన్ నది నేర్పిన పాఠం

హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో పుట్టే తీర్థన్ నది, బియాస్‌కు ఉపనది. ఈ నదిపై చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చినప్పుడు స్థానికులు వ్యతిరేకించారు. మాజీ శాసనసభ్యుడు దిలేరామ్ షబాబ్ వారి పక్షాన ఉద్యమించారు. విషయం న్యాయస్థానం వరకు వెళ్లింది. తీర్థన్‌ను జలవిద్యుత్ ప్రాజెక్టులకు దూరంగా ఉంచాలని నిర్ణయం జరిగింది. నదిలోని ట్రౌట్ సంపద ఆ వాదనలో ముఖ్యాంశంగా నిలిచింది. ఆ జాతీయ పార్కు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తీర్థన్ లోయలోని అతిథి గృహాలు, మార్గదర్శకులు, చిన్న దుకాణాలవారు నేడు పారే నదిని ఆధారం చేసుకుని ఉపాధి పొందుతున్నారు.

విద్యుత్తు కూడా కొండ ప్రాంతాలకు అవసరమే. నీటిని సొరంగంలోకి మళ్లించే ప్రాజెక్టుల వద్ద ఆనకట్టకు, విద్యుత్ కేంద్రానికి మధ్య నదీభాగం ఎండిపోవడమే అసలు సమస్య. ప్రవాహం కనిష్ఠంగా ఉండే రోజులలో ఉన్న నీటిలో కనీసం 15 శాతాన్ని దిగువకు వదలాలని హిమాచల్ జలవిద్యుత్ విధానం నిర్దేశించింది. ఆ నీరు నిజంగా విడుదలవుతున్నదా, చేపల మనుగడకు అది చాలుతుందా అన్నవి క్షేత్రస్థాయిలో నిరంతరం పరిశీలించవలసిన అంశాలు.

ప్రకృతి వైపరీత్యాలు మరో సవాలు. 2023 జులైలో బియాస్ పరీవాహక ప్రాంతంలో సంభవించిన భారీ వరదలు ఇళ్లు, రోడ్లతో పాటు ట్రౌట్ పెంపకం కేంద్రాలను కూడా దెబ్బతీశాయి.

స్థానిక చేపల మాటేమిటి?

ట్రౌట్ గురించి చర్చించేటప్పుడు విస్మరించరాని మరో పార్శ్వం ఉంది. ఇది మన నదులలో పుట్టిన చేప కాదు. బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండింటినీ ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణులు చేర్చారు. ఇవి ఇతర చేపలను, వాటి పిల్లలను తింటాయి, ఆవాసానికీ పోటీపడతాయి.

హిమాలయ నదులలో సహజంగా ఉండే చేపలలో స్నోట్రౌట్ ముఖ్యమైనది. ఉత్తరాఖండ్‌లో దీనిని అసేలా అంటారు. పేరులో ట్రౌట్ ఉన్నా ఇది కార్ప్ జాతుల కుటుంబానికి చెందినది. రాళ్లపై పెరిగే నాచును గీరి తినే ఈ చేప, గుడ్లు పెట్టడానికి నదిలో వలస వెళుతుంది. ఆనకట్టలు ఆ దారిని మూసివేస్తాయి. కాబట్టి ట్రౌట్ ఇప్పటికే స్థిరపడిన నదులలో దాని నిర్వహణ కొనసాగిస్తూనే, కొత్త వాగులలో దానిని వదలకుండా జాగ్రత్త వహించడం, స్థానిక చేపల పునరుత్పత్తికి ప్రాధాన్యం ఇవ్వడం సమతుల్య విధానం అవుతుంది. ఉత్తరాఖండ్‌లోని భీమ్‌తాల్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలోని శీతల జల మత్స్య పరిశోధన సంస్థ ట్రౌట్‌తో పాటు స్థానిక జాతులపైనా పరిశోధనలు నిర్వహిస్తోంది.

తెలుగు ప్రాంతాలకు వర్తించేది

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో శీతాకాలపు చలి ప్రసిద్ధమే అయినా, వేసవిలో అక్కడి గెడ్డల నీరు వేడెక్కుతుంది. ఏడాది పొడవునా చల్లని నీరు కావలసిన ట్రౌట్‌కు అవి అనువైనవి కావు. అయితే నీటిని చల్లబరచి, శుద్ధిచేసి మళ్లీ మళ్లీ వాడే తొట్ల విధానంలో తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో రెయిన్‌బో ట్రౌట్ పెంపకం చేపట్టారు. ఇది ఆహారోత్పత్తికి సంబంధించినది. వాగులలో సాగే క్రీడకు, దీనికి పోలిక లేదు. పెంపకం చేపలు బయటి జలాలలోకి చేరకుండా చూడటం ఎక్కడైనా పాటించవలసిన నియమం.

తూర్పు కనుమల గెడ్డలకు తమవైన చేపలు, కీటకాలు ఉన్నాయి. ట్రౌట్ నదుల అనుభవం నుంచి ఇక్కడికి తెచ్చుకోదగినది ఆ చేపను కాదు, ఆ నిర్వహణ పద్ధతిని. గుడ్లు పెట్టే కాలంలో వేటకు విరామం, విషప్రయోగంపై కఠిన చర్య, ఇసుక, గులకరాళ్ల తవ్వకంపై నియంత్రణ, వేసవిలోనూ వాగులో కనీస ప్రవాహం, వీటన్నింటిలో స్థానిక గ్రామాల భాగస్వామ్యం - ఈ అయిదు అంశాలు ఏ కొండవాగుకైనా వర్తిస్తాయి.

ఒక వాగులో రాళ్ల కింద కీటకాలు, వాటిని తినే చేపలు బతికి ఉన్నాయంటే, దిగువ గ్రామాలకు చేరే నీరు కూడా బాగున్నదనడానికి అది తొలి సాక్ష్యం. ఆ సాక్ష్యం చెరిగిపోకుండా కాపాడుకోవలసిన బాధ్యత అధికార యంత్రాంగంతో పాటు ప్రజలందరిపైనా ఉంది.