పాలు నిలువవు, చీజు నిలుచును

పాడి యున్న ప్రతి గ్రామమునకు తెలిసిన సత్య మొకటి కలదు. ఉదయము పితికిన పాలు సకాలమున అమ్ముడు కాకున్న నష్టము రైతుదే. పాలకు వేచియుండు శక్తి లేదు. అందుచేత ధర కొనువాని చేతిలో నుండును. ఈ చిక్కును అమెరికాలోని కొన్ని పల్లెలు ఎదుర్కొన్న విధమును పంచాయతీ సభ్యుల ముం దుంచుచున్నాము.

అమెరికా ఈశాన్య భాగమున వెర్మాంటు అను కొండల రాష్ట్రము కలదు. అచ్చటి కాబట్ గ్రామమున 1919లో 94 మంది రైతులు పాల సహకార సంఘముగా ఏర్పడిరి. ఆవు ఒక్కింటికి 5 డాలర్ల చొప్పున రొక్కమును, బాయిలరు క్రిందికి కట్టెలను సభ్యులే సమకూర్చిరి. ఆ సంఘపు పేరు నేడు దేశమంతట పరిచితము.

అయినను చిన్న రైతుల కష్టములు తీరలేదు. పాలధర గిట్టక ఎందరో పశువులను అమ్ముకొనిరి. ఆ కాలముననే, 1998లో, ఆండీ, మేటియో అను కేలర్ సోదరులు గ్రీన్స్‌బరో గ్రామమున జాస్పర్ హిల్ అను క్షేత్రమును కొనిరి. పాలను పాలుగా అమ్మిన నిలువజాలమని గ్రహించి, తమ ఆవుల పాలతో చీజు చేసి 2003 నాటికి అమ్మజొచ్చిరి.

చీజు మన జున్ను వంటిది కాదు. పాలకు తోడు వేసి, పిదప రెన్నెట్ అను పదార్థము కలిపి గడ్డ కట్టింతురు. ఆ గడ్డను కోసి, వేడిచేసి, తేటను వార్తురు. మిగిలిన ముద్దను పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి పలుమారులు త్రిప్పుదురు. ఈ పనికే చెడ్డరింగు అని పేరు; ఇంగ్లండులోని చెడ్డర్ గ్రామము నుండి వచ్చినది. తరువాత పలకలను చిదిపి, ఉప్పు కలిపి, అచ్చులలో నొక్కుదురు. ఒక కిలో చీజునకు సుమారు 10 లీటర్ల పాలు కావలెను.

సాధారణపు చెడ్డరును ప్లాస్టిక్కులో బిగింతురు. పాతపద్ధతిలో పలుచని నూలుగుడ్డ చుట్టి, పైని పందికొవ్వు పూయుదురు. గుడ్డ గుండా తేమ మెల్లమెల్లగా వెలికి పోవును. పైని బూజు పట్టి తొక్క ఏర్పడును. లోపలి రుచి చిక్కనగును. అయితే ఇందుకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును. అంతకాలము చీజును బల్లలపై నుంచి, త్రిప్పుచు, బూజును, పురుగును బ్రష్షుతో దులుపుచుండవలెను.

కాబట్ సంఘము ఇట్టి చీజును చేయగలిగినను, దానిని మాగబెట్టు చోటు దానికి లేదు. బూజు వారి కర్మాగారములోని ఇతర చీజునకు ముప్పు. అందుచేత సంఘము చీజును చేసి కేలర్ సోదరుల కప్పగించెను; వారు దానిని మాగబెట్టిరి. ఆ గుడ్డచుట్టిన చెడ్డరు 2006లో అమెరికా చీజు సంఘపు పోటీలో అన్నిటికంటె ఉత్తమ మైనదిగా ఎన్నిక యయ్యెను. 2008లో సోదరులు 22,000 చదరపు అడుగుల నేలమాళిగలను నిర్మించి, ఇతర చిన్న ఉత్పత్తిదారుల చీజునకును అందు చోటు కల్పించిరి.

ఇందలి కీలకము గుడ్డయు కాదు, కొవ్వును కాదు. పాలకు ధర నేడే చెల్లింపవలెను. చీజు సొమ్ము ఏడాదికి గాని రాదు. ఆ నడిమి కాలపు భారమును చిన్న రైతు ఒంటరిగా మోయజాలడు. పాలు ఒకరివి, తయారీ సంఘముది, మాగబెట్టు నేర్పు కుటుంబముది అయినందుననే పని సాగినది.

మన వేడి నేలపై చెడ్డరు చేయుడని మేము చెప్పుట లేదు. కాని పాలయినను, పండ్లయినను, నిలువ చేయు కట్టడము కొరకు తీర్మానము చేయుటకు ముందు సభ్యులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: సరకు అమ్ముడగు వరకు రైతునకు సొమ్ము ఎవరిచ్చెదరు? నిత్యము దానిని కనిపెట్టి యుండు నేర్పరి ఎవరు? కొనువారు ముందే కుదిరిరా? వీనికి సమాధానము దొరికిన పిమ్మటనే పునాది త్రవ్వుట శ్రేయస్కరము.