దానశాసనాలలో రైతు చరిత్రను చదివిన ఆచార్య శర్మ

ప్రాచీన భారత చరిత్ర అంటే రాజవంశాల వరుస, యుద్ధాల పట్టిక అన్న అభిప్రాయాన్ని మార్చిన చరిత్రకారులలో ఆచార్య రాంశరణ్ శర్మ అగ్రగణ్యులు. భూమి ఎవరి అధీనంలో ఉంది, దానిపై శ్రమించిందెవరు, ఫలం ఎవరికి దక్కింది అన్నవి ఆయన జీవితాంతం వెదకిన ప్రశ్నలు.

బీహార్‌లోని బరౌనీలో పేద కుటుంబంలో జన్మించిన శర్మ, పాట్నాలో విద్యాభ్యాసం అనంతరం లండన్‌లో ఏ.ఎల్. బాషమ్ పర్యవేక్షణలో పరిశోధన సాగించారు. ప్రాచీన భారతంలో శూద్రుల స్థితిగతులపై ఆయన గ్రంథం 1958లో వెలువడింది. పాట్నా, ఢిల్లీ విశ్వవిద్యాలయాలలో చరిత్ర శాఖలకు నేతృత్వం వహించిన ఆయన, 1972లో ఏర్పడిన భారత చారిత్రక పరిశోధనా మండలికి తొలి అధ్యక్షులయ్యారు.

ఆయనకు విశేష ఖ్యాతి తెచ్చింది 1965 నాటి 'ఇండియన్ ఫ్యూడలిజం'. గుప్తుల కాలం నుంచి రాజులు బ్రాహ్మణులకు, దేవాలయాలకు గ్రామాలను దానమిచ్చారు. దానంతో పాటు పన్నులు వసూలు చేసే హక్కు, పాలనాధికారం కూడా దానగ్రహీతలకు సంక్రమించాయి. ఫలితంగా రాజుకూ రైతుకూ నడుమ ఒక భూస్వామ్య వర్గం తలెత్తిందనీ, రైతు వెట్టిచాకిరీకి లోనయ్యాడనీ శర్మ ప్రతిపాదించారు. నాణేల కొరతను, వర్తక క్షీణతను ఆయన ఆధారాలుగా చూపారు. పట్టణాల పతనానికి సంబంధించిన తవ్వకాల సాక్ష్యాలను 1987లో మరో గ్రంథంలో క్రోడీకరించారు.

ఈ సిద్ధాంతం విమర్శకు అతీతం కాలేదు. 1979లో వాల్తేరులో జరిగిన భారత చరిత్ర కాంగ్రెస్‌లో హర్బన్స్ ముఖియా, భారత చరిత్రలో అసలు ఫ్యూడలిజం ఉన్నదా అని ప్రశ్నించారు. ఇక్కడి రైతుకు ఉత్పత్తి ప్రక్రియపై స్వతంత్ర అదుపు ఉండేదని ఆయన వాదన. భారత భూస్వామ్యం ఐరోపా నమూనాకు నకలు కాదని, దానికి తనదైన రూపం ఉన్నదని శర్మ 1985లో బదులిచ్చారు.

పండితుల విమర్శ ఒక ఎత్తు, ప్రభుత్వ నిర్ణయం మరొక ఎత్తు. 1977లో వెలువడిన ఆయన పాఠ్యపుస్తకం 'ఏన్షియంట్ ఇండియా'ను మరుసటి ఏడాదే జనతా ప్రభుత్వ హయాంలో ఉపసంహరించారు. శర్మ మౌనం వహించక, తన రచనను సమర్థిస్తూ చిన్న పుస్తకం రాశారు.

2011 ఆగస్టు 20న ఆయన పాట్నాలో కన్నుమూశారు. ఆయన నిర్ణయాలతో ఏకీభవించనివారు సైతం ఆ తామ్రశాసనాలనే తిరిగి పరిశీలించవలసి వచ్చింది. చరిత్రకు సంబంధించిన వివాదాలు తేలవలసింది ఆధారాలతోనే తప్ప, ఉత్తర్వులతో కాదు. శర్మ ఆచార్యత్వం మిగిల్చిన పాఠం అదే.