ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే

పోయిన ఏడాది మా అమ్మను సిద్దిపేట జిల్లాలోనే ఒక దవాఖానకు తీసుకెళ్లాను. కౌంటర్లో ఆధార్ నంబర్ కొట్టుకుని "ఓటీపీ చెప్పండ్రి" అన్నారు. అమ్మ ఫోన్ నా చేతిలో ఉంది, నేనే చెప్పేశాను. ఆమెకు ఆభా నంబర్ వచ్చింది. దేనికి ఒప్పుకుందో అమ్మకు తెలియదు. పీహెచ్‌డీ చేస్తున్న నాకూ ఆ నిమిషంలో అడగాలని తట్టలేదు.

2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా ఇది. రిపోర్టులు పరీక్ష చేసిన ఆసుపత్రి కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఇంకో డాక్టర్ చూడాలంటే రోగికి అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డు, ఎన్నాళ్లు అన్నది రోగే నిర్ణయించాలి, తర్వాత రద్దు కూడా చేసుకోవచ్చు. ఆభా ఐచ్ఛికం. అది లేదని వైద్యం నిరాకరించకూడదు.

ఇందులో మేలు లేదనను. ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు పెట్టుకుని గాంధీకో నిమ్స్‌కో పోయే మన కూలీలకు, చేసిన పరీక్షే మళ్లీ చేయించడమంటే ఇంకో రోజు కూలి పోవడమే. తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ నమోదు చేశారు. అప్పటి వైద్య మంత్రి సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావే.

చిక్కు ఎక్కడంటే, ఈ ఏర్పాటంతా ఒక మనిషికి ఒక ఫోన్ ఉందన్న లెక్క మీద నడుస్తుంది. ఇంటికంతా ఒకే ఫోన్ ఉండి, అది కొడుకు జేబులో ఉంటే తల్లి సమ్మతి కూడా ఆ జేబులోనే. టీబీయో హెచ్ఐవీయో అయితే ముందు ఇంట్లో, తర్వాత వాడలో తెలుస్తుంది. అసలే కులం పేరుతో దూరం పెట్టే ఊళ్లో దాని మీద రోగం పేరు కూడా చేరుతుంది. హెచ్ఐవీ వరకైతే 2017 చట్టం ఉంది: కొన్ని మినహాయింపులు తప్ప, ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు.

మిగతా రోగాల సంగతి? 2019 డేటా బిల్లు ఆరోగ్య సమాచారాన్నీ, కులం లేదా తెగ వివరాలనూ 'సున్నిత సమాచారం'గా గుర్తించి ఎక్కువ రక్షణ ఇవ్వాలంది. 2023లో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ విభాగమే లేదు. మన కులమూ మన క్షయా ఇప్పుడు ఫోన్ నంబర్‌తో సమానం. పైగా సెక్షన్ 7 ప్రకారం, ప్రభుత్వం పథకాల కోసం తన డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్న వివరాలను మళ్లీ అడగకుండానే వాడుకోవచ్చు. డేటా లీకైతే సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, కానీ ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకే పోతుంది. బాధితులు పరిహారం అడిగేందుకు ఆధారమైన ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం తొలగిస్తోంది. లీకు ఊహ కాదు: 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగితే రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిపారు.

నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. మన సమాచారం చూసుకునే, దిద్దించుకునే, తీసేయించుకునే హక్కులు అమల్లోకి వచ్చేది 2027 మేలో. అప్పటిదాకా వాడల్లో ఆరోగ్య శిబిరం పెట్టే సంఘాలు ఓటీపీ అడిగే ముందు, అది దేనికో తెలుగులో చదివి వినిపించే మనిషిని కౌంటర్ పక్కన కూర్చోబెట్టొచ్చు. ఆ పని నేను ఇంట్లోనే మొదలుపెట్టాను. అమ్మ అంతా విని, "మరి ఆ రోజెందుకు చెప్పినవ్ బిడ్డా?" అంది.