తాళపుచెవి యెవరి యొద్ద నున్నది? – క్రొత్త ల్యాప్‌టాప్‌లో రెండవ ఆపరేటింగ్ సిస్టము

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు చెప్పుదురు. కత్తుల సంగతి నేనెరుగను గాని, ఒక ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టములు ఇముడునని మాత్రము ఇటీవల స్వానుభవముచే నెరిగితిని. ఇముడ్చుటలో నేను పడిన చిక్కులను, వాని కారణములను, వానిని తీర్చుకొన్న విధమును ఇచ్చట వ్రాయుచున్నాను. నేను యంత్రవిద్య చదివినదానను గాను. ఇంటిపట్టున మా తండ్రిగారి యొద్ద కావ్యములును వ్యాకరణమును చదువుకొన్నదానను. నావంటిదానికి సాధ్యమైన పని మీకు అసాధ్యము కానేరదు.

ఈ పనికి నేనేల పూనుకొంటినో ముందు చెప్పవలయును. మా తండ్రిగారు తమ చివరి దినములలో వ్రాసిన యొక వ్యాఖ్యానమును ముద్రణకై నేను అను స్క్రిప్టులో టైపు చేయుచుంటిని. అప్పటికే ఇన్నూరు పుటలు దాటినవి. ఆ సాధనము విండోసుపై పనిచేయునది. ఇక మావారు ఉపాధ్యాయులు. వారి పాఠశాలలోని కంప్యూటర్లయందు ఉబుంటు గలదు. ఇంటివద్ద పాఠములు సిద్ధపరచుకొనుటకు వారికి ఉబుంటు కావలసివచ్చినది. రెండు ల్యాప్‌టాపులు కొను స్తోమత మాకు లేదు. కావున నాలుగు నెలల క్రితము కొన్న యంత్రముననే రెండింటికిని చోటు చేయ నిశ్చయించితిమి.

ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రమునకు గృహిణి వంటిది. ఏ వస్తువు ఎచ్చట నుండవలెనో, ఎవరికి ఎప్పుడు ఏమి వడ్డింపవలెనో అన్నియు దాని యధీనములు. ల్యాప్‌టాపు కొన్నప్పుడు సాధారణముగ విండోసు దానిలోనే వచ్చును. ఉబుంటు లినక్సు వంశమునకు చెందినది. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి యగు లినస్ టోర్వాల్డ్సు లినక్సును ప్రారంభించెను. ఉబుంటు 2004లో వెలువడినది. దీనికి వెల లేదు. ఈ యిద్దరు తోడికోడండ్రును ఒకే సమయమున వంటయింట నిలువరు; యంత్రమును తెరచినప్పుడు ఎవరు కావలయునో మనము కోరుకొనవలెను.

పని యారంభమున సులువుగనే యుండెను. ఉబుంటును ఇంటర్నెట్టునుండి దింపుకొని, రూఫస్ అను చిన్న సాధనముతో పెన్ డ్రైవుపై నెక్కించితిని. ఇట్లు చేసినచో పెన్ డ్రైవులో ముందున్నదంతయు చెరిగిపోవును గనుక ఖాళీదానినే వాడవలెను. దానిని గ్రుచ్చి యంత్రమును తెరచితిని. ఉబుంటు తెరపై చక్కగ వచ్చినది గాని, స్థాపింపబోవునప్పటికి “డిస్కు కానరాదు” అన్నది. ఐదువందల పన్నెండు జీబీల డిస్కు లోపలనుండగా కానరాకపోవుట యేమి?

అప్పుడు మా పొరుగింటి ఇంజనీరింగు విద్యార్థి వచ్చి, “పిన్నీ! బయోసులోనికి పోయి సెక్యూర్ బూట్ తీసివేయండి, అంతయు సరిపోవును” అనెను. నేనును వెనుకముందు చూడక తీసివేసితిని. మరల తెరచునప్పటికి విండోసునకు బదులుగ నీలిరంగు పుట యొకటి ప్రత్యక్షమైనది. నలువదియెనిమిది అంకెల తాళపుచెవిని వ్రాయుమని దాని కోరిక! అట్టి తాళపుచెవి యొకటి గలదని కూడ నేనెన్నడును వినలేదు. మా తండ్రిగారి వ్రాత తలపునకు వచ్చి గుండె ఝల్లుమన్నది. మూలప్రతి చెదలు పట్టి కొన్ని పుటలు శిథిలమైపోయినవి. టైపు చేసిన ప్రతియే ఇప్పుడు మాకు ఆధారము. దానికి మరియొక నకలు నేను తీసియుంచలేదు. ఆ రాత్రి అన్నము సహింపలేదు.

మావారు నెమ్మదిగ, “నీవు మార్చినది ఒక్కటే గదా! దానిని మునుపటివలె చేసి చూడుము” అనిరి. అట్లే సెక్యూర్ బూట్‌ను మరల పెట్టితిని. విండోసు ఏమియు నడుగకయే తెరచుకొన్నది. ఇందలి రహస్యము పిమ్మట తెలిసినది. నేటి క్రొత్త ల్యాప్‌టాపులలో పెక్కింటియందు డివైస్ ఎన్‌క్రిప్షన్ అను తాళము మన ప్రమేయము లేకయే పడియుండును. దొంగ యెత్తుకొనిపోయినను లోని వ్రాతలు చదువలేకుండుటకై యీ యేర్పాటు. యంత్రము తెరచుకొను క్రమములో మార్పు గనబడినంతనే అది శంకించి తాళపుచెవి నడుగును. మార్పు తొలగినచో శంకయు తొలగును.

మరి ఆ తాళపుచెవి యెచ్చట నున్నది? మైక్రోసాఫ్టు ఖాతాలో నుండునని చదివి నా ఖాతా తెరచి చూచితిని. అందు లేదు. సెట్టింగులలో అకౌంట్సు పుట చూడగా, అందున్న ఈమెయిలు మాది కానేకాదు! కొన్ననాడు అంగడిలోని కుర్రవాడు త్వరగ పని ముగించుటకై తన ఈమెయిలుతోనే యంత్రమును సిద్ధపరచి యిచ్చియుండెను. మేము దినమును నాలుగంకెల పిన్ కొట్టి లోనికి పోవుచుంటిమి గాని, ఇంటి తాళపుచెవి నాలుగు నెలలుగ పరాయివాని జేబులో నున్నదని ఎరుగమైతిమి. అతనిది దురుద్దేశము కాదు. కాని అతడు ఆ ఖాతా మూసివేసియున్నను, రహస్యపదము మరచియున్నను, మా తండ్రిగారి వ్రాత మాకు దక్కకుండెడిదే.

ఆ మరునాటినుండి త్వరపడక క్రమముగ నడచితిని. మొదట వ్యాఖ్యానమును, పిల్లల ఫొటోలను వేరొక డిస్కుపైకి నకలు తీసి, ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి బీరువాలో పెట్టితిని. రెండవది, విండోసులో మా సొంత ఖాతాను చేర్చితిని. మూడవది, సెట్టింగులలోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పుటలో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను తీసివేసితిని. ఇది గంటల కాలము పట్టవచ్చును. నడుమ యంత్రము నార్పరాదు. నాలుగవది, విండోసువారి డిస్క్ మేనేజ్‌మెంటు సాధనముతోనే విండోసు భాగమును కుదించి ఎనుబది జీబీల చోటు ఖాళీ చేసితిని.

ఇక డిస్కు కానరాని చిక్కు. దీనికిని సెక్యూర్ బూట్‌నకును సంబంధమే లేదు. ఉబుంటు సెక్యూర్ బూట్ ఉండగనే తెరచుకొనును. ఇంటెల్ చిప్పు గల క్రొత్త యంత్రములు కొన్నిటియందు డిస్కును ఆర్‌ఎస్‌టీ లేక వీఎండీ అను తెర వెనుక నుంచుదురు. ఆ తెర తీయనిదే ఉబుంటు చూడలేకపోవచ్చును. దానిని బయోసులో ఏహెచ్‌సీఐ అను పద్ధతికి మార్చవలెను. కాని తటాలున మార్చినచో విండోసు తన డిస్కును తానే గుర్తింపక నిలిచిపోవును. కావున ముందు విండోసులో ఎమ్‌ఎస్‌కాన్‌ఫిగ్ తెరచి, బూట్ పుటలో సేఫ్ బూట్ నెన్నుకొని, యంత్రము తిరిగి తెరచుకొనునప్పుడు బయోసులో మార్పు చేయవలెను. విండోసు సేఫ్ మోడులో తెరచుకొని క్రొత్త పద్ధతికి అలవాటుపడును. పిమ్మట ఆ గుర్తును తీసివేసిన చాలును. సేఫ్ మోడులో పిన్ చెల్లకపోవచ్చును. ఖాతాయొక్క అసలు పాస్‌వర్డు తెలిసియుండవలెను. ఖాతా మన పేర నుండవలసిన అవసరము ఇచ్చట మరల కనబడుచున్నది గదా!

ఇంత జరిగిన పిమ్మట డిస్కు కానవచ్చినది. స్థాపించునప్పుడు ఉబుంటు చూపు మార్గములలో ఇవి గలవు: విండోసు ప్రక్కన నుండుట యొకటి, డిస్కునంతను చెరిపివేయుట మరియొకటి. ఈ పుటయందు రెండుమారులు చదివి గాని ముందునకు పోరాదు. ఇ.ఎఫ్.ఐ. అను చిన్న భాగము ఇద్దరికిని ఉమ్మడి తలవాకిలి, దానిని చెరుపరాదు.

తరువాతి చిక్కులు చిన్నవి. స్థాపన ముగిసినను యంత్రము నేరుగ విండోసులోనికే పోవుచుండెను. బయోసులోని బూట్ వరుసలో ఉబుంటును ముందు నిలిపినంతనే ఇద్దరి పేర్లును గల పట్టిక వచ్చినది. వైఫై పనిచేయలేదు, దాని డ్రైవరును అదనముగ స్థాపించునప్పుడు ఒక పాస్‌వర్డు నేర్పరచుకొమ్మనెను, తిరిగి తెరచునప్పుడు నీలిపుటలో “ఎన్‌రోల్ మాక్” అని యడిగెను. మునుపటి నీలిపుట భయముచే నేను దానిని దాటవేసితిని. సెక్యూర్ బూట్ ఉన్నచోట ఆ యంగీకారము లేని డ్రైవరు నడువదు. ఫోనును తీగతో తగిలించి ఇంటర్నెట్టు తెచ్చుకొని, డ్రైవరును మరల స్థాపించి, ఈమారు అంగీకరించితిని. ఉబుంటునుండి విండోసు భాగమున వ్రాయుటకు వీలుపడలేదు. విండోసులోని ఫాస్ట్ స్టార్టప్ దానిని సగము నిద్రలో నుంచుటయే కారణము. దానిని తీసివేయగా తీరినది.

అన్నిటికంటె వింతయైనది గడియారము. ఉదయము తొమ్మిదిన్నరకు విండోసు తెరచిన మావారికి నాలుగు గంటలు చూపినది! యంత్రములోని గడియారమున ఉబుంటు అంతర్జాతీయ కాలమును వ్రాయును. విండోసు దానినే స్థానిక కాలముగ చదువును. మనకును దానికిని నడుమ అయిదున్నర గంటల భేదము గదా! ఉబుంటును స్థానిక కాలమే వ్రాయునట్లు ఒక్క యాజ్ఞతో దిద్దవచ్చును.

ఇప్పుడు పగలు నేను వ్యాఖ్యానము టైపు చేసికొనుచున్నాను. రాత్రి మావారు పాఠములు వ్రాసికొనుచున్నారు. ల్యాప్‌టాపు ఇల్లు కదలనిది గనుక మేము తాళము తీసియే యుంచితిమి. వెంట తీసికొనిపోవువారు తాళము మరల వేసికొనుటయే మేలు. అప్పుడు ఆ నలువదియెనిమిది అంకెలను కాగితమున వ్రాసి, యంత్రముతో గాక ఇంటి పత్రములతో దాచుకొనవలెను.

సోదరీమణులారా! రెండవ ఆపరేటింగ్ సిస్టము మీలో అందరికిని కావలసిన పని లేదు. కాని ధాన్యపుగాదె తాళపుచెవిని పరులచేత నుంచు గృహిణి మనలో లేదు. మీ లేఖలు, లెక్కలు, బిడ్డల చిత్రములు నిండియున్న ల్యాప్‌టాపును ఈ సాయంకాలమే తెరచి, సెట్టింగులలోని అకౌంట్సు పుటలో ఎవరి పేరున్నదో ఒక్కమారు చూచుకొనుడు. మీది కానిచో, యంత్రము బాగుగ నడచుచున్న ఈ దినముననే మార్చుకొనుడు. నీలిపుట వచ్చిన దినమున ఆ పని మన చేతిలో నుండదు.