ఎన్‌ఐడబ్ల్యూలో నేషనల్ ఇంపార్టెన్స్: మీ ఫీల్డ్ గొప్పదైతే సరిపోదు

నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, నేను ఏఐలో పని చేస్తున్నా. ఏఐ అమెరికాకి చాలా ముఖ్యం కదా, మరి నా ఎన్‌ఐడబ్ల్యూ ఈజీగా వచ్చేస్తుందా?" రాదండీ. ఎందుకు రాదో ఇవాళ చూద్దాం.

ముందు బేసిక్స్. ఈబీ-2 గ్రీన్ కార్డ్‌కి మామూలుగా ఒక కంపెనీ జాబ్ ఆఫర్ ఇవ్వాలి, లేబర్ సర్టిఫికేషన్ చేయించాలి. నేషనల్ ఇంటరెస్ట్ వేవర్, అంటే ఎన్‌ఐడబ్ల్యూలో ఆ రెండూ అక్కర్లేదు. ఐ-140 మీకు మీరే వేసుకోవచ్చు. కానీ ముందు ఈబీ-2 అర్హత ఉండాలి. మాస్టర్స్, లేదా బ్యాచిలర్స్ తర్వాత అదే రంగంలో ఎదుగుతూ వచ్చిన ఐదేళ్ల అనుభవం అన్నది ఎక్కువమంది వెళ్లే దారి.

ఇప్పుడు వాడే రూల్ 2016 డిసెంబర్‌లో వచ్చిన ధనసర్ తీర్పులోది. అందులో మూడు ప్రశ్నలుంటాయి. మీరు చేయబోయే పనికి విలువ, జాతీయ ప్రాముఖ్యత ఉన్నాయా? ఆ పని ముందుకు తీసుకెళ్లే స్థితిలో మీరున్నారా? జాబ్ ఆఫర్ రూల్ పక్కన పెడితే అమెరికాకి లాభమా?

చాలామంది మొదటి ప్రశ్నకి రెండో దాని జవాబు రాసేస్తారు. జీతం, అవార్డులు, పేపర్లు ఇవన్నీ మీ గురించి చెప్తాయి. మొదటి ప్రశ్న మీ గురించి కాదు, మీరు ఇకముందు చేయబోయే పని గురించి.

ఆ ధనసర్ కేసే చూడండి. ఆయన ఏరోస్పేస్ ఇంజనీర్. హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ మీద ఆయన చేయబోయే రీసెర్చ్‌కి జాతీయ ప్రాముఖ్యత ఉందన్నారు. అదే మనిషి స్టూడెంట్స్‌కి పాఠాలు చెప్తానంటే, అది మంచి పనే, కానీ దాని ప్రభావం మొత్తం ఎడ్యుకేషన్ రంగం మీద పడుతుందని చూపించలేదన్నారు. చూశారా, మనిషి ఒక్కడే, పనిని బట్టి జవాబు మారిపోయింది.

అలాగని దేశమంతా పరుచుకోవాలనేమీ లేదు. వెనకబడిన ఒక ప్రాంతంలో చాలామందికి ఉద్యోగాలు తెచ్చే పని కూడా లెక్కలోకి రావచ్చు. కానీ "ఇంజనీర్ల కొరత ఉంది" అనే మాట మాత్రం ఒంటరిగా నిలబడదు. కొరత సంగతి చూడ్డానికే లేబర్ సర్టిఫికేషన్ ఉంది కదా!

ఉదాహరణకి ఒకమ్మాయి హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ రాస్తుందనుకోండి. "నా కంపెనీ క్లయింట్లకి కోడ్ మార్చి ఇస్తాను" అంటే లాభం ఆ కంపెనీకి, ఆ క్లయింట్లకి. అదే "చిన్న ఊళ్లలోని హాస్పిటల్స్ ఇన్ఫెక్షన్‌ని ముందే పసిగట్టే టూల్ చేసి, ఎవరైనా వాడుకునేలా ఓపెన్‌గా పెడతాను" అంటే కథ వేరు. అయితే మాట ఒక్కటే చాలదు, రుజువులు కావాలి. ఆ సమస్య ఎంత పెద్దదో చెప్పే ప్రభుత్వ రిపోర్టులు, టూల్ ట్రై చేస్తామన్న హాస్పిటల్స్ లెటర్లు, ఆమెతో ఎప్పుడూ పని చేయని నిపుణుల అభిప్రాయాలు. "చాలా కష్టపడుతుంది, మంచి అమ్మాయి" అనే లెటర్ ఇక్కడ పనికిరాదు.

మీ ప్లాన్‌కి ఒక చిన్న టెస్ట్ పెట్టుకోండి. ఈ పని సక్సెస్ అయితే మా కంపెనీ, మా క్లయింట్లు కాకుండా ఇంకెవరు బాగుపడతారు? జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే ఇంకా ఫైల్ చేయకండి.

చివరిగా రెండు విషయాలు. రెడీమేడ్ ప్లాన్ కొని పేరు మార్చి పెట్టకండి. ఆ ఫామ్ మీద సంతకం మీది, అందులో అబద్ధం ఉంటే శిక్షా మీకే. రెండోది, ఎన్‌ఐడబ్ల్యూ అప్రూవ్ అయినా ఇండియాలో పుట్టినవాళ్లకి ఈబీ-2 క్యూ తప్పదు, అది దశాబ్దం దాటిన క్యూ. ఐ-140 అప్రూవ్ అయితే ఆ లైన్‌లో మీ ప్రయారిటీ డేట్ మీకుంటుంది, అంతే. అప్పు చేసి ఫీజు కట్టేముందు ఇది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి.

ఇది అవగాహన కోసమే, మీ కేసుకి మాత్రం లాయర్‌ని అడగండి. మళ్లీ కలుద్దాం, బై!