ఇప్పచెట్టు క్రింది పరమాన్నము

భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల దిక్కునకు పోవు అడవిదారిలో, ఫాల్గుణము ముగిసి చైత్రము తొంగిచూచు వేళ తెల్లవారుజామున నడచువారికి, ఆకురాల్చి మోడువలె నిలిచిన ఇప్పచెట్టు కంటబడకమునుపే దాని వాసన ఎదురువచ్చును. రాత్రివేళ విచ్చి, వేకువకు రాలిపడు ఆ పూలు మీగడరంగుతో, ద్రాక్షపండువలె రసముతో ఉబ్బియుండి, నొక్కినచో వ్రేళ్ళకు జిగురుగా అంటుకొనును. చెట్టు క్రింది ఎండుటాకులను ముందే తగులబెట్టి నేలను శుభ్రపరచియుంచిన కోయ స్త్రీలు, వంగి వంగి వానిని బుట్టల కెత్తుకొందురు. ఆ పరిమళము మల్లెవలె కొప్పున ముడువదగినది కాదు. పాలలో ఉడికిన అన్నమునకు బెల్లము చేర్చి మూతతీసిన క్షణమున ముఖమునకు కొట్టు ఆవిరివంటిది. ముక్కుకంటె ముందు కడుపే దానిని గుర్తించును.

ఇట్టి తినుబండారపు వాసనలకు నేటి సుగంధద్రవ్య వ్యాపారమున ఒక కుటుంబమే కలదు. తిండిప్రియుడను అర్థముగల ఫ్రెంచి మాటతో దానిని గూర్మాండ్ అందురు. 1874లో జర్మనీయందు టీమన్, హార్మన్ అను రసాయనవేత్తలు పైనుజాతి చెట్ల రసమందలి పదార్థమునుండి వెనిలిన్‌ను చేయగా, 1889లో గెర్లాన్ వారి ‘జికీ’ అను అత్తరులో అది చోటు సంపాదించెను. 1992లో వచ్చిన ‘ఏంజెల్’ మరియొక అడుగు వేసి, మన జాతరలలోని పీచుమిఠాయి వాసననిచ్చు ఈథైల్ మాల్టాల్‌ను పచౌలి ఆకువాసనతో జతకూర్చెను. మీగడ, కొబ్బరి, కోవాల కమ్మదనమునకు లాక్టోనులు అను పదార్థములు కారణము. వెన్న కాచి నెయ్యి చేయునపుడు ఇల్లంతయు నిండు ఘుమఘుమలోను వాని పాలు కలదు.

అయితే తీపి నాలుకదే గాని ముక్కుది కాదు. వెనిలిన్‌ను ఒక్కదానినే నాలుకపై వేసికొన్నచో తీయగా నుండదు. చిన్ననాట చక్కెరతో కలిపి తిన్న జ్ఞాపకమే దానికి తీపిపేరు తెచ్చినది. కావుననే కేకులు తిని పెరిగినవానికి వెనిల్లా తీపి. శ్రీరామనవమినాడు బెల్లము, మిరియము, ఏలకి కలిపిన పానకము త్రాగి పెరిగిన భద్రాద్రి బాలునకు ఏలకియే తీపి. సీసాలలోని విదేశపు తీపి నాకు పరాయి పెండ్లి విందువలె తోచుటకు హేతువిదియే కాబోలు.

ఇప్పపూవులో పరమాన్నము తోచుట మాత్రము ఊహ కాదు. బాస్మతి బియ్యమునకు ప్రసిద్ధి తెచ్చిన 2-అసిటైల్-1-పిరోలిన్ అను పదార్థమే తాజా ఇప్పపూవునందును కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మొక్కజొన్న పేలాలలోను అదియే. పులి తన పొలిమేరలను చాటుకొనుటకు చెట్లపై చిమ్ము ద్రవమునందును అదియే యుండుట చిత్రము. అడవిలో అన్నపువాసన వచ్చినంతనే వంటయిల్లు చేరువనున్నదని సంతోషింపరాదు!

నీటిలో నూరుకోట్ల భాగములకు పదియవవంతు భాగమున్నను మానవుని ముక్కు పసిగట్టగల ఈ పదార్థము, గాలి తగిలినచో త్వరగా చెడిపోవు స్వభావము కలది. ఏండ్లతరబడి సీసాలో నిలువవలసిన అత్తరునకు ఇట్టి చంచలమైన సరకు పనికిరాదు. గబ్బిలమునకు, ఎలుగుబంటికి ఆ చింత లేదు. అవి పూవును అక్కడికక్కడే ఆరగించును.

బుట్ట గుడిసె చేరి, పూవు వాకిట ఎండబడినకొలదిని ఆ పాలవాసన సన్నగిల్లును. మూడునాళ్ళకు ముడుతలుపడి, గోధుమరంగు తిరిగి, ఎండుద్రాక్షవలె, పాతబెల్లపు కుండవలె వాసన వేయును. పిల్లలు దారినపోవుచు ఒక గుప్పెడు నోట వేసికొని పోవుదురు.